నమ్మదగిన సెకను: యోస్ట్ బ్యుర్గి జీవితం, పని

(ఒక గ్రంథాలయంలో సాయంత్రం సభలో ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. స్విస్ గడియారం అనగానే మనకు షోరూమ్ అద్దాల వెనక లక్షలు పలికే వాచీలు గుర్తొస్తాయి. ఈరోజు నేను చెప్పబోయే మనిషి ఆ కంపెనీలన్నిటికంటే ముందువాడు. వాచీల ప్రపంచం గురువుగా చూసే బ్రెగే పుట్టింది 1747లో. ఈయన పుట్టింది 1552లో. అంటే దాదాపు 200 ఏళ్ళు ముందు. హైగెన్స్ లోలకం గడియారం తయారుచేసింది 1656లో. అప్పటికి ఈయన చనిపోయి 24 ఏళ్ళు. లోలకమే లేని రోజుల్లో సెకన్లు చూపించే గడియారాన్ని ఖగోళ శాస్త్రజ్ఞులు నమ్మి వాడుకునేలా చేసిన మనిషి ఈయన. పేరు యోస్ట్ బ్యుర్గి.

సెకన్ల ముల్లును మొదట పెట్టింది ఈయనే అని కొన్నిచోట్ల రాస్తుంటారు. నేను అలా అనను. అంతకుముందే ఒకటి రెండు గడియారాలకు సెకన్ల ముల్లు ఉంది. కానీ రోజుకు పావుగంట తేడా వచ్చే గడియారానికి సెకన్ల ముల్లు పెడితే ఏం లాభం? అది తిరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఆ ముల్లు చెప్పేదాన్ని కాగితం మీద రాసుకుని, దాంతో ఒక నక్షత్రం ఎక్కడుందో తేల్చగలగడం వేరే సంగతి. బ్యుర్గి సాధించింది అది.

ఆయన ఊరు లిక్టెన్‌స్టైగ్. ఇప్పటి స్విట్జర్లాండ్ ఈశాన్యాన, టొగ్గెన్‌బుర్గ్ లోయలో ఉన్న చిన్న పట్నం. అప్పట్లో ఆ లోయ సెయింట్ గాలెన్ మఠం ఏలుబడిలో ఉండేది. ఆ ఊళ్ళో పెద్ద చదువు చదివే వీలు లేదు. ఆయన లాటిన్ నేర్చుకోలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆయన జీవితంలో సగం కష్టం దీనివల్లే వచ్చింది. ఆ రోజుల్లో యూరప్‌లో లెక్కలైనా, ఖగోళమైనా, వైద్యమైనా అన్నీ లాటిన్‌లోనే. ఆ భాష రానివాడికి ఎంత తెలివున్నా పండితుల సభలో కుర్చీ దొరకదు. పనివాడిగానే మిగిలిపోతాడు.

1579లో, 27 ఏళ్ళ వయసులో, ఆయనకు జర్మనీలోని కాసెల్ పట్నంలో ఉద్యోగం దొరికింది. హెస్సె-కాసెల్ ప్రభువు నాలుగో విల్హెల్మ్ ఆయన్ని ఆస్థాన గడియారాల నిపుణుడిగా పెట్టుకున్నాడు. ఈ విల్హెల్మ్ గురించి రెండు మాటలు చెప్పాలి. రాజ్యం చూసుకుంటూనే రాత్రుళ్ళు నక్షత్రాలు కొలిచిన మనిషి. 1560ల నుంచే తన కోటలో వేధశాల నడిపాడు. గ్రహాల గతులు చూపించే పెద్ద గడియారం కూడా బ్యుర్గి రాకముందే చేయించుకున్నాడు. డబ్బు పెట్టే ప్రభువులు చాలామంది ఉంటారు. పక్కన నిలబడి కొలతలు తీసుకునే ప్రభువు దొరకడం బ్యుర్గి అదృష్టం.

విల్హెల్మ్‌కు ఒక ఆలోచన ఉంది. భూమి తన చుట్టూ తాను సమంగా తిరుగుతోంది కాబట్టి గంటకు 15 డిగ్రీల చొప్పున ఆకాశం మన తల మీదుగా జరుగుతుంది. ఒక నక్షత్రం సరిగ్గా మధ్యాహ్న రేఖను, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి మన నడినెత్తి మీదుగా ఊహించుకునే గీతను, దాటిన క్షణాన్ని రాసుకుని, ఇంకో నక్షత్రం దాటిన క్షణాన్నీ రాసుకుంటే, ఆ రెండు క్షణాల మధ్య కాలమే ఆ నక్షత్రాల మధ్య తూర్పు పడమరల దూరం. కోణాలు కొలిచే పెద్ద పెద్ద పరికరాలతో కుస్తీ పట్టే బదులు గడియారం చూసి రాసుకుంటే చాలు.

వినడానికి సులువుగా ఉంది కదా. లెక్క వేసి చూడండి. ఒక నిమిషం కాలంలో ఆకాశం పావు డిగ్రీ జరుగుతుంది. మనకు కనిపించే నిండు చందమామ వెడల్పు దాదాపు అర డిగ్రీ. అంటే గడియారం ఒక్క నిమిషం తప్పు చూపిస్తే మీ నక్షత్రం సగం చందమామ అంత పక్కకు పోతుంది. పావుగంట తప్పయితే ఇక చెప్పక్కర్లేదు. డెన్మార్క్‌లో నక్షత్రాలు కొలిచిన టైకో బ్రాహీ లాంటి మహానుభావుడు కూడా గడియారాలు దగ్గర పెట్టుకుని వాటి మీద భరోసా ఉంచలేకపోయింది అందుకే.

అప్పటి గడియారం ఎందుకంత తప్పేది? ఇక్కడ కొంచెం ఓపికగా వినండి, ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

గడియారానికి బలం ఇచ్చేది వేలాడదీసిన బరువు, లేకపోతే చుట్టిన స్ప్రింగు. వదిలేస్తే బరువు దడేలుమని కిందపడుతుంది, చక్రాలన్నీ గిర్రున తిరిగేస్తాయి. అలా జరక్కుండా ఒక చక్రం పళ్ళకు అడ్డం పెట్టాలి. ఒక్కో పన్నును ఆపి, వదిలి, మళ్ళీ ఆపి, వదలాలి. మనం వినే టిక్ టిక్ ఆ చప్పుడే. అప్పటి గడియారాల్లో ఈ పని చేసింది ఒక నిలువు ఇరుసు, దానికి పైన ఒక అడ్డకడ్డీ. ఇరుసుకు ఉన్న రెండు రేకులు చక్రం పళ్ళను మార్చి మార్చి ఆపుతుంటాయి, అడ్డకడ్డీ అటూ ఇటూ ఊగుతుంటుంది. లోలకానికి ఒక సొంత లయ ఉంటుంది, ఎవరు తోసినా దాదాపు అదే వేగంతో ఊగుతుంది. ఈ అడ్డకడ్డీకి ఆ సొంత లయ లేదు. చక్రం గట్టిగా తోస్తే తొందరగా ఊగుతుంది, మెల్లగా తోస్తే నెమ్మదిస్తుంది. చక్రాల పళ్ళు కాస్త హెచ్చుతగ్గులుగా ఉన్నా, నూనె చిక్కబడినా, స్ప్రింగు వదులైనా ఆ తేడా నేరుగా టైములోకి వచ్చేస్తుంది.

1584 ప్రాంతంలో బ్యుర్గి దీన్ని మార్చాడు. ఒక కడ్డీకి బదులు రెండు పెట్టాడు. ఆ రెండింటినీ పళ్ళతో ఒకదానికొకటి తగిలించాడు. ఒకటి కుడికి ఊగితే రెండోది తప్పనిసరిగా ఎడమకు ఊగాలి. రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటూ, కత్తెరలాగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. చక్రం పళ్ళను ఆపే రేకుల్లో ఒకటి ఈ కడ్డీకి, ఒకటి ఆ కడ్డీకి. ఒక దిక్కున వచ్చిన కుదుపును ఎదురు దిక్కున ఊగేది చాలావరకు సర్దేస్తుంది. దీన్ని ఇంగ్లీషులో క్రాస్ బీట్ ఎస్కేప్‌మెంట్ అంటారు.

రెండో సంగతి స్ప్రింగు. కీ ఇచ్చిన కొత్తలో స్ప్రింగు బిగువు ఎక్కువ, పోనుపోను తక్కువ. బ్యుర్గి ఏం చేశాడంటే, పెద్ద స్ప్రింగు బలాన్ని ఊగే కడ్డీల దాకా నేరుగా పోనివ్వలేదు. మధ్యలో ఒక చిన్న బరువు పెట్టాడు. పెద్ద స్ప్రింగు పని ఆ చిన్న బరువును ఎప్పటికప్పుడు పైకెత్తడం వరకే. గడియారాన్ని నడిపేది ఆ చిన్న బరువు. దాని బరువు మారదు కాబట్టి అది ఇచ్చే తోపూ మారదు. ఈ ఏర్పాటును రిమాంట్వార్ అంటారు, ఇప్పటికీ ఖరీదైన వాచీల్లో దీన్ని గొప్పగా చెప్పుకుంటారు.

మూడోది ఎవరూ పెద్దగా చెప్పరు, నాకు మాత్రం అదే ముఖ్యం. ఆయన చేతి పని. చక్రాలకు పళ్ళు కోయడంలో ఆయన చూపించిన నాణ్యత అప్పట్లో అరుదు. ఎంత మంచి ఆలోచనైనా వంకర పళ్ళ చక్రం మీద పనిచేయదు. ఆయన గడియారాల్లో వచ్చిన మెరుగుదలలో ఈ కోతకూ పెద్ద వాటా ఉందని పరిశీలించిన నిపుణులు అంటారు.

ఫలితం ఏమిటి? 1586లో విల్హెల్మ్ టైకో బ్రాహీకి ఉత్తరం రాశాడు. మా దగ్గర నిమిషాలు, సెకన్లు చూపించే గడియారం ఉంది, రోజు మొత్తం మీద ఒక నిమిషం కూడా తేడా రాదు అని. ఆ గడియారాలు చేసిన పనివాడిని రెండో ఆర్కిమెడిస్ అన్నాడు. పావుగంట నుంచి నిమిషం లోపలికి. లోలకం వచ్చేదాకా ఇంతకంటే మెరుగైనవి దాదాపు లేవు. ఆ గడియారాలతోనే క్రిస్టోఫ్ రోత్‌మన్ అనే గణితజ్ఞుడు, బ్యుర్గి, విల్హెల్మ్ కలిసి 1587కల్లా 380కి పైగా నక్షత్రాల స్థానాలు తేల్చారు.

ఇక్కడ మీకు ఇంకో మనిషిని పరిచయం చేయాలి. నికొలాస్ రైమర్స్, ఉర్సుస్ అనే పేరుతో ప్రసిద్ధుడు. చిన్నప్పుడు పందులు కాసిన కుర్రవాడు. చదవడం, రాయడం పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాడు. తర్వాత లాటిన్ కూడా. టైకో బ్రాహీతో పెద్ద గొడవ పెట్టుకుని పేరు పాడుచేసుకున్నాడు, అది వేరే కథ. ఈయన కాసెల్‌లో ఉన్నప్పుడు లాటిన్ రాని బ్యుర్గి కోసం కోపర్నికస్ గ్రంథం మొత్తాన్ని జర్మన్‌లోకి మార్చి ఇచ్చాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పిన ఆ గ్రంథానికి అదే మొదటి జర్మన్ అనువాదం. ఆ రాతప్రతి ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ఉంది. చదువుకోవడానికి దారి లేని ఒక మనిషి కోసం, ఆ దారిని సొంతంగా వేసుకున్న ఇంకో మనిషి ఆ పుస్తకమంతా కూర్చుని రాశాడు. బ్యుర్గి కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1592లో విల్హెల్మ్ చనిపోయాడు. అదే ఏడాది బ్యుర్గి ఆకాశాన్ని చూపించే ఒక యంత్ర గోళాన్ని తీసుకుని ప్రాగ్ వెళ్ళి రెండో రుడాల్ఫ్ చక్రవర్తికి అందజేశాడు. ఆయన చేసిన గోళాల్లో అన్నిటికంటే అందమైనది 1594 నాటిది, ఇప్పుడు జ్యూరిక్‌లోని స్విస్ జాతీయ మ్యూజియంలో ఉంది. మీలో ఎవరికైనా పిల్లలు ఆ దేశంలో ఉంటే, వెళ్ళినప్పుడు తప్పకుండా చూడండి. గోళం అడ్డకొలత 14 సెంటీమీటర్లు, రెండు చేతుల్లో పట్టేంత. ఆ కాస్త చోటులో వెయ్యికి పైగా నక్షత్రాలు. వాటి చుట్టూ రాశుల బొమ్మలు, చెక్కింది ఆంటోనియస్ ఐసెన్‌హోయిట్ అనే కంసాలి. లోపల గడియారం ఉంది. అది గోళాన్ని ఆకాశంతో పాటు తిప్పుతుంది. సూర్యుణ్ణి రాశుల వెంట నడుపుతుంది. తారీఖు కూడా చూపిస్తుంది.

1604 తర్వాత ఆయన ప్రాగ్‌లో చక్రవర్తి గడియారాల నిపుణుడయ్యాడు. డెన్మార్క్ వదిలి ప్రాగ్ ఆస్థానానికి వచ్చిన టైకో బ్రాహీ అప్పటికే పోయాడు. ఆ స్థానంలో యోహానెస్ కెప్లర్ ఉన్నాడు, అంగారకుడి దారి ఏమిటో తేల్చడానికి లెక్కల మీద లెక్కలు వేస్తూ. బ్యుర్గి, కెప్లర్ స్నేహితులయ్యారు. బ్యుర్గి జర్మన్‌లో రాసుకున్న బీజగణితం రాతప్రతిని కెప్లర్ సరిదిద్ది పెట్టాడు.

గడియారాలు చేసుకునే మనిషికి బీజగణితం ఎందుకు అని అడగొచ్చు. గడియారం బాగుపడితే కొలతలు బాగుపడతాయి. కొలతలు బాగుపడితే లెక్కలు పెరుగుతాయి. ఒక్క నక్షత్రం స్థానం తేల్చడానికి ఏడు, ఎనిమిది అంకెల సంఖ్యల్ని గుణించాలి, భాగించాలి. ఒక్క తప్పు పడితే రాత్రంతా చేసిన పని వృథా. ఇత్తడిలో తప్పును తగ్గించిన మనిషి, ఇప్పుడు కాగితం మీద తప్పును తగ్గించడానికి కూర్చున్నాడు.

ఇంటర్‌లో సైన్సు గ్రూపు చదివిన పెద్దవాళ్ళకి లాగ్ టేబుల్స్ గుర్తుండే ఉంటాయి. గుణకారాన్ని కూడికగా మార్చే పట్టికలు. వాటిని కనిపెట్టింది స్కాట్లాండ్‌కు చెందిన జాన్ నేపియర్ అని చదువుకున్నాం, 1614లో ఆయన అచ్చు వేశాడు. బ్యుర్గి కూడా అదే పని సొంతంగా చేశాడు. ఎలాగో చూడండి.

రెండు రకాల సంఖ్యలు. ఎర్ర సిరాతో కొన్ని, నల్ల సిరాతో కొన్ని. ఎర్రవి 0, 10, 20, 30 ఇలా సమంగా పెరుగుతాయి. నల్లవి 10,00,00,000తో మొదలై ప్రతి మెట్టులో తమలో పదివేలో వంతు పెరుగుతాయి. 10కి ఎదురుగా 10,00,10,000. 20కి ఎదురుగా 10,00,20,001. ఇలా నల్ల సంఖ్య పది రెట్లు అయ్యేదాకా 23,000కు పైగా మెట్లు. ఇప్పుడు 2ని 3తో గుణించాలనుకోండి. 2కి, అంటే నల్ల వరసలో 20,00,00,000కి, తగిన ఎర్ర సంఖ్య 69,318 దగ్గర ఉంటుంది. 3కి 1,09,867 దగ్గర. రెండూ కలిపితే 1,79,185. దాని ఎదురుగా నల్ల వరసలో చూస్తే 60,00,00,000 దగ్గర, అంటే 6. రెండు మూళ్ళు ఆరు అని మనకు తెలుసు. కానీ ఏడంకెల సంఖ్యల దగ్గర ఈ కూడిక ఎన్ని గంటలు మిగులుస్తుందో ఆలోచించండి. చక్రాలకు వేల పళ్ళు కోసే ఓపిక ఉన్నవాడే ఇన్ని వేల మెట్లు చేత్తో ఎక్కగలడు.

అంత కష్టపడి చేసినదాన్ని ఆయన దగ్గరే ఉంచుకున్నాడు. ఏళ్ళ తరబడి. నేపియర్ అచ్చు వేసిన ఆరేళ్ళకి, 1620లో, ప్రాగ్‌లో అచ్చు వేయించాడు. అది కూడా ఎప్పుడు? ఆ ఏడాది నవంబరు 8న ప్రాగ్ శివార్లలో తెల్లకొండ యుద్ధం జరిగింది. ఊరు ఊరంతా అల్లకల్లోలం. పుస్తకం అట్ట మీద ఎలా వాడాలో వివరంగా చెప్పామని ఉంది. లోపల ఆ వివరణ లేదు, పట్టికలే ఉన్నాయి. వాడే పద్ధతి చెప్పని పట్టికను ఎవరు కొంటారు? ఆ వివరణ రాతప్రతిగా ఉండిపోయి చివరికి 1856లో అచ్చయింది. అప్పటికి 236 ఏళ్ళు దాటాయి.

కెప్లర్ దీనికి బాగా నొచ్చుకున్నాడు. 1627లో తన గ్రహ పట్టికల గ్రంథంలో, నేపియర్ కంటే చాలా ఏళ్ళ ముందే బ్యుర్గి ఈ దారి కనిపెట్టాడని రాస్తూ, ఈ వాయిదాల మనిషి, తన రహస్యాలకు కాపలా కాసుకునే మనిషి, బిడ్డను పుట్టగానే వదిలేశాడే గానీ లోకం కోసం పెంచలేదు అన్నాడు.

స్నేహితుడు అన్న మాట కాబట్టి అందులో బాధ ఉంది, ఒప్పుకుంటాను. కానీ నేను కెప్లర్ వైపు పూర్తిగా మాట్లాడలేను. పనివాళ్ళ లోకంలో రహస్యమే జీతం. ఒక పద్ధతి బయటపెడితే రేపు ఇంకొకడు అదే పని చేసి నీ చోటు తీసుకుంటాడు. విశ్వవిద్యాలయంలో ఉన్నవాడికి అచ్చు వేస్తే పేరొస్తుంది. దుకాణంలో ఉన్నవాడికి అచ్చు వేస్తే పని పోతుంది. దానికి తోడు లాటిన్ రాదు. జర్మన్‌లో రాస్తే పండితులు చదవరు. ఇన్ని అడ్డాలు పెట్టి, ఎందుకు దాచావని అడగడం సులువు.

అలాగని నేపియర్ మీద నింద వేసేవాళ్ళతోనూ నేను ఏకీభవించను. నేపియర్ బ్యుర్గి దగ్గర ఏమీ తీసుకోలేదు. సొంతంగా ఆలోచించాడు, రాశాడు, ఎలా వాడాలో చెప్పాడు, అచ్చు వేశాడు. మనం లాగ్ టేబుల్స్ వాడామంటే ఆయన వల్లే. ఆ ఘనత ఆయనదే.

బ్యుర్గి చివరి రోజుల్లో కాసెల్‌కు తిరిగి వెళ్ళి 1632 జనవరి 31న అక్కడే కన్నుమూశాడు. ప్రాగ్ చివరి ఏళ్ళలో ఆయన చేసిన స్ఫటికం గడియారం వియన్నా మ్యూజియంలో ఉంది. చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఇక చివరగా, బ్యుర్గి లెక్క ఒకటి బోర్డు మీద చేసి చూపిస్తాను. ఉర్సుస్ 1588లో ఒక పుస్తకంలో, బ్యుర్గికి సైన్ విలువలు కనుక్కునే కొత్త పద్ధతి తెలుసని ఊరించి వదిలేశాడు. పద్ధతేమిటో చెప్పలేదు. సైన్ అంటే మన ఆర్యభటుడు ఐదో శతాబ్దం చివర్లో 24 విలువల పట్టికగా ఇచ్చిన జ్యానే. బ్యుర్గి పద్ధతేమిటో 400 ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు మెన్సో ఫోల్కెర్ట్స్ అనే గణిత చరిత్రకారుడు పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక రాతప్రతి గుర్తుపట్టాడు. 1592లో బ్యుర్గి స్వయంగా చక్రవర్తికి ఇచ్చిన గ్రంథం. అందులో ఆ పద్ధతి ఉంది.

బోర్డు మీద చూడండి. లంబకోణాన్ని మూడు భాగాలు చేద్దాం: 30, 60, 90 డిగ్రీలు. ఒకదాని కింద ఒకటి మూడు సంఖ్యలు రాయాలి. ఏవైనా ఫర్వాలేదు, నేను 1, 2, 2 రాస్తున్నాను. అడుగున ఉన్న 2లో సగం, 1. దాన్ని పక్క వరసలో అడుగున రాశాను. ఇప్పుడు కిందనుంచి పైకి కలుపుకుంటూ పోవాలి. 1కి మధ్య గడిలో ఉన్న 2 కలిపితే 3. 3కి పై గడిలోని 1 కలిపితే 4. పక్క వరస పైనుంచి 4, 3, 1 అయింది. ఇప్పుడు పైనుంచి కిందికి కలుపుతాను. 4. నాలుగూ మూడూ 7. ఏడూ ఒకటీ 8. కొత్త వరస 4, 7, 8. మధ్యదాన్ని అడుగుదానితో భాగిస్తే 0.875. 60 డిగ్రీల సైన్ అసలు విలువ 0.86603. అప్పుడే దగ్గరకొచ్చింది.

ఇంకోసారి. 8లో సగం 4. పైకి కలిపితే 11, 15. కిందికి కలిపితే 15, 26, 30. 26ని 30తో భాగిస్తే 0.8667. మూడోసారి చేస్తే 56, 97, 112. భాగిస్తే 0.86607. చూశారుగా, కూడికలు, ఒక సగం. వర్గమూలం లేదు, వృత్తం బొమ్మ లేదు. ఎన్నిసార్లు తిప్పితే అంత ఖచ్చితం. ఇది ఎప్పుడూ సరైన విలువ దగ్గరికే చేరుతుందని ఈ కాలపు గణితజ్ఞులు 2015లో రుజువు ప్రచురించారు.

ఇంట్లో తొమ్మిదో పదో తరగతి పిల్లలుంటే వాళ్ళ చేత లంబకోణాన్ని ఆరు భాగాలు చేయించండి. ఆరు గళ్ళు, ఇష్టమొచ్చిన ఆరు సంఖ్యలు, ఇదే వరస, ఐదారుసార్లు. మూడో గడిని ఆరో గడితో భాగిస్తే 45 డిగ్రీల విలువ 0.7071 రావాలి. రాకపోతే ఎక్కడో కూడిక తప్పింది, మళ్ళీ చూడమనండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.